ఇరిడియం సోర్స్‌కి బారికేడ్ దూరం: నా లెక్కలో 13 కిలోమీటర్లు వస్తోంది!

కొత్త_ట్రైనీ
అందరికీ నమస్కారం. పైపు వెల్డ్‌ల రేడియోగ్రఫీలో (గామా కిరణాలతో అతుకుల్ని ఫోటో తీసి లోపాలు చూసే పని) చేరి నాలుగు నెలలైంది. సోర్స్ 20 క్యూరీల ఇరిడియం-192, అంటే 740 గిగాబెక్వెరల్. ఒక్కో గిగాబెక్వెరల్‌కి 0.13 చొప్పున, 1 మీటరు దగ్గర డోస్ గంటకు సుమారు 96 మిల్లీసీవర్ట్ వచ్చింది. తాడు కట్టే చోట గంటకు 7.5 మైక్రోసీవర్ట్ దాటకూడదని మా రూల్. 96,000ని 7.5తో భాగిస్తే 12,800. అంటే దాదాపు 13 కిలోమీటర్లు! మా సీనియర్ చూసి "ఊరు ఖాళీ చేయిద్దామా?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు. తప్పెక్కడో చెప్పండి.

పాత_కెమెరా
తమ్ముడూ, దూరం రెట్టింపైతే డోస్ సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. నీ 12,800కి వర్గమూలం తియ్యి. 113 మీటర్లు.

కొలిమేటర్, అంటే ఒక్క వైపే నోరున్న బరువైన లోహపు కవచం, సోర్స్ చుట్టూ పెడితే ఇంకా తగ్గుతుంది. డోస్‌ని నాలుగుసార్లు సగం చేసేంత మందం ఉందనుకో, 16 రెట్లు తగ్గినట్టు. దూరం మాత్రం 4 రెట్లే తగ్గి 28 మీటర్లవుతుంది. కొలిమేటర్ నోరు తిరిగిన వైపు ఈ 28 చెల్లదు. సోర్స్ తన పెట్టె నుంచి వెల్డ్ దాకా గైడ్ ట్యూబ్ అనే గొట్టంలో ప్రయాణించే కొన్ని సెకన్లూ చెల్లదు, అప్పుడు దానికి అడ్డేమీ ఉండదు. ఇంకో మాట, ఇరిడియం 74 రోజులకు సగమవుతుంది. సర్టిఫికెట్ మీది అంకె కాదు, ఇవాళ్టి అంకె వేసుకో.

గంటలో సోర్స్ బయట ఉండేది పది నిమిషాలేగా అని సగటు తీసి తాడుని దగ్గరికి జరిపేవాళ్లున్నారు. నాకైతే అది నచ్చదు. ఒక షాట్ తిరగతీయాల్సి వస్తే ఆ సగటు గల్లంతే.

క్యాత్‌ల్యాబ్_అక్క
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఆసుపత్రిలో ఎక్స్‌రే చూస్తూ గుండె రక్తనాళాల చికిత్స చేసే క్యాత్‌ల్యాబ్‌లో మేం వేసుకునే అర మిల్లీమీటరు లెడ్ (సీసం) ఏప్రాన్ అక్కడ పనికొస్తుందా?

సీసం_ఇటుక
రాదండీ. మీ గదిలో పేషెంట్ ఒంటి మీద నుంచి చెదిరి వచ్చే ఎక్స్‌రేకి శక్తి తక్కువ, ఏప్రాన్ అందులో చాలా భాగం ఆపేస్తుంది. ఇరిడియం గామాని సగం చేయడానికే సుమారు 5 మిల్లీమీటర్ల సీసం కావాలి. అర మిల్లీమీటరు ఆపేది ఏడు శాతం. ఆ బరువుతో నడక నెమ్మదించి రెండు సెకన్లు ఎక్కువ నిలబడితే ఆ ఏడు శాతమూ పోయినట్టే.

దూరం విలువ చూడండి. ట్రైనీ గారి సోర్స్ దగ్గర 1 సెంటీమీటరులో నిమిషానికి 16 సీవర్ట్! వేళ్లు పోతాయి. 30 సెంటీమీటర్ల పటకారుతో పట్టుకుంటే 900 రెట్లు తక్కువ, అయినా నిమిషానికి 18 మిల్లీసీవర్ట్. రేడియేషన్ పనివాళ్లకు ఐసీఆర్‌పీ (అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్) చెప్పే ఏడాది సగటు పరిమితి 20 మిల్లీసీవర్ట్. సోర్స్ ఇరుక్కుంటే పటకారు కోసం వెతక్కుండా వెనక్కి వచ్చేయమనేది అందుకే.

మిల్లీరెంట్‌జెన్_బాధితుడు
నా పరువు పోయినా సరే చెప్తాను. అద్దెకు తెచ్చిన పాత మీటర్ ముల్లు 7 మీద ఉంటే మైక్రోసీవర్టే అనుకుని రెండు గంటలు తాడు పక్కనే కూర్చున్నాను. డయల్ కింద చిన్న అక్షరాల్లో మిల్లీరెంట్‌జెన్ అని ఉంది. ఒక మిల్లీరెంట్‌జెన్ అంటే సుమారు 10 మైక్రోసీవర్ట్. అంటే గంటకు 70, మొత్తం 140. సాధారణ జనానికి ఏడాది పరిమితి అయిన 1 మిల్లీసీవర్ట్‌లో ఏడో వంతు, కుర్చీలో కూర్చునే! ఇప్పుడు ముల్లు కంటే ముందు యూనిట్ చూస్తాను.

కొత్త_ట్రైనీ
అన్నలకి, అక్కకి థాంక్స్. నిన్న కొలిమేటర్‌తో 28 మీటర్ల దగ్గర తాడు కట్టాం. మీటర్ మాత్రం 11 చూపించింది. వెనకున్న ఉక్కు ట్యాంకు మీద పడి చెదిరి వస్తున్నట్టుంది. చూసుకుంటూ జరిపితే 36 మీటర్ల దగ్గర 7కి దిగింది. సీనియర్ ఈసారి నవ్వలేదు. తాడు రెండో కొస ఆయనే పట్టుకున్నారు.