టెక్సాస్ కౌంటీల్లో హిస్పానిక్ జనాభా: ఒకచోట 95 శాతం, ఇంకోచోట 15... ఎందుకిలా?

ఫ్రిస్కో నాన్న:
అందరికీ నమస్కారం. మా పాప స్కూల్ ప్రాజెక్టు కోసం 2020 సెన్సస్ లెక్కలు పెట్టుకుని టెక్సాస్ 254 కౌంటీలకు హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ల) శాతాన్ని బట్టి రంగులు వేస్తున్నాం. రాష్ట్రం మొత్తం మీద 39.3 శాతం. కానీ మ్యాప్‌లో కింద మెక్సికో సరిహద్దున రియో గ్రాండే నది పొడవునా ముదురు రంగే, మేముండే కాలిన్ కౌంటీ బాగా లేత. స్టార్ కౌంటీలో అయితే నూటికి 95 మందికి పైనే! అంతమంది అక్కడికి ఎప్పుడు వలస వచ్చారని పాప అడిగితే నేను చెప్పలేకపోయాను. పైన పాన్‌హ్యాండిల్‌లో (రాష్ట్రం ఉత్తరపు కొస) కూడా అక్కడక్కడా ముదురు మచ్చలున్నాయి, సరిహద్దుకు అంత దూరంలో ఎందుకు?

మెక్‌అలెన్‌లో నాలుగేళ్లు:
చాలా కుటుంబాల విషయంలో "ఎప్పుడు వచ్చారు" అన్న ప్రశ్నే కుదరదండి. ఆ నది ఒడ్డునున్న లరేడో ఊరు పుట్టింది 1755లో, స్పెయిన్ ఏలుబడిలో. అప్పటికి అమెరికా అనే దేశమే లేదు. 1848లో అమెరికా, మెక్సికోల మధ్య గ్వాడలూపే హిడాల్గో ఒప్పందంతో రియో గ్రాండే సరిహద్దు అయింది, నదికి ఇటు పక్కనున్న వాళ్లు ఇల్లు కదలకుండానే అమెరికా వాళ్లయ్యారు. ఆ తర్వాత, ముఖ్యంగా 1910లో మెక్సికోలో విప్లవం మొదలయ్యాక, వలస వచ్చినవాళ్లూ చాలామందే. కానీ పాపకు మొదటి సంగతి తప్పకుండా చెప్పండి, అక్కడ నాకు తెలిసిన పెద్దవాళ్లను "ఎక్కడి నుంచి వచ్చారు" అని అడిగితే బాధపడేవారు.

అమరిల్లో:
పాన్‌హ్యాండిల్ మచ్చలు పని వల్ల వచ్చినవి. డెఫ్ స్మిత్ కౌంటీలో హెర్ఫర్డ్ చూడండి, ఊరి చుట్టూ వేలకు వేల పశువులను మేపే ఫీడ్‌లాట్లు. అటు మూర్ కౌంటీలో పెద్ద మాంసం ప్లాంటు ఉంది. తూర్పున టైటస్ కౌంటీలో కోళ్ల ప్లాంట్లు, అక్కడా ఇదే కథ.

డేటా పని చేసేవాడిని:
ఒక్క మాట, శాతం మ్యాప్ ఒక్కటే పెడితే పిల్లలు తప్పుగా అర్థం చేసుకుంటారు. స్టార్ కౌంటీ మొత్తం జనాభానే 66 వేల లోపు. హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీ 43 శాతమే కాబట్టి మధ్యస్తం రంగు పడుతుంది, కానీ అక్కడ హిస్పానిక్‌లు 20 లక్షలు దాటారు. మీరు లేత అన్న కాలిన్‌లోనే లక్షన్నర పైన ఉన్నారు, అంటే స్టార్ కౌంటీకి రెట్టింపు కన్నా ఎక్కువ. ఇంకోటి, ఆ సెన్సస్‌లో హిస్పానిక్ అనేది జాతి కాదు, విడి ప్రశ్న. తెల్లవాళ్లు, నల్లవాళ్లు అన్న కాలమ్స్‌తో కలిపి కూడితే మొత్తం వంద దాటిపోతుంది, జాగ్రత్త.

ఫ్రిస్కో నాన్న:
చాలా థాంక్సండీ. రంగుల మ్యాప్ పక్కన ఇంకోటి పెడుతున్నాం, పదివేల మందికి ఒక చుక్క చొప్పున. స్టార్‌కు ఆరు చుక్కలు పెట్టేసి ఇప్పుడు హ్యారిస్ మొదలుపెట్టింది, 200 పట్టేలా లేదు ఆ కాగితం మీద. రేపు పెద్ద చార్ట్ తెస్తాను.