వి-క్రాస్ ముందు బంపర్ వెనక వించ్: ఎంత కెపాసిటీ, ఏ ప్లేటు, ఏ కేబుల్?

కొల్లేరుగట్టు:
నమస్కారం అండీ. బండి ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్, ఫోర్ బై ఫోర్. చేపల చెరువుల గట్ల మీద మేత బస్తాలు తోలడానికే ఎక్కువ వాడకం. బస్తాలతో కలిపి 2.7 టన్నుల దాకా ఉంటుంది. వానాకాలంలో నల్లరేగడి గట్టు మెత్తబడితే ఫోర్ లో వేసినా నాలుగు చక్రాలూ తిరుగుతూనే దిగబడిపోతాయి. ట్రాక్టరు తెస్తే అదీ గట్టు మీదకి రాలేదు. అందుకని ముందు 12 వోల్టుల వించ్ (డ్రమ్ముకి తాడు చుట్టుకుంటూ బండిని లాగే మోటారు) పెట్టించాలని ఉంది.

అడగాల్సినవి ఇవి. 9,500 పౌండ్లది సరిపోతుందా, 12,000ది తీసుకోవాలా? వెల్డింగ్ షాపులో 5 ఎంఎం ప్లేటు వంచి చాసిస్ కొనలకి వెల్డు కొట్టేస్తామంటున్నారు, అది నిలుస్తుందా? వించ్‌తో వచ్చే కరెంటు కేబుల్ పొట్టిగా ఉంది, వేరేది వేస్తే ఎంత మందం వేయాలి? ఇనుప తాడా, సింథటిక్ తాడా? కంపెనీ బంపర్ తీసేయడం ఇష్టం లేదు.

చాసిస్‌పని:
ముందు వెల్డింగ్ ఆపించండి. చాసిస్ రైలు కొనలు గుద్దుకున్నప్పుడు నలగడానికి కొలత పెట్టి చేసినవి. వాటి మీద వెల్డు కొడితే ఆ వేడికి పక్కనున్న లోహం గుణం మారుతుంది, లాగుడు బరువు పడ్డప్పుడు చీలిక వెల్డు అంచునే మొదలవుతుంది. పైగా ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లు తెలుసుకోవాల్సిన దెబ్బ తీరు కూడా మారిపోతుంది. కంపెనీ బంపర్ బీమ్, టో హుక్ బిగించిన రంధ్రాలే వాడుకోవాలి. వాటిలో ఎం12 బోల్టులు, 10.9 గ్రేడు, ఒక్కో వైపు కనీసం నాలుగు, కింద గట్టి వాషర్లు. కొత్త రంధ్రం తప్పదంటే రైలు నిలువు గోడకే వేయండి. పై అంచుకీ కింద అంచుకీ డ్రిల్లు తగలనివ్వకండి.

కెపాసిటీ లెక్క ఇది: నిండు బరువుకి ఒకటిన్నర రెట్లు. 2.7 టన్నులకి 4.05 టన్నులు అవుతుంది. 9,500 పౌండ్లంటే 4,309 కేజీలు, సరిపోతుంది. కానీ పెట్టె మీద రాసిన ఆ అంకె డ్రమ్ము మీద మొదటి పొర తాడుకే. పొర పెరిగేకొద్దీ డ్రమ్ము వ్యాసం పెరిగి లాగే బలం తగ్గుతుంది. నాలుగో పొరకి వచ్చేసరికి దాదాపు మూడింట రెండొంతులే మిగులుతుంది. మీ చెరువు గట్టు మీద చెట్టు పదిహేను అడుగుల దూరంలోనే ఉంటే తాడంతా డ్రమ్ము మీదే ఉంటుంది, అంటే 2.8 టన్నులే లాగుతుంది. దీనికి మందు 12,000ది కొనడం కాదు, ఒక స్నాచ్ బ్లాకు. చెట్టు దగ్గర కప్పీ పెట్టి తాడు కొస మళ్లీ బండి టో హుక్‌కి తగిలిస్తే లాగుడు దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది, డ్రమ్ము మీద నుంచి ఎక్కువ తాడు బయటికొస్తుంది కాబట్టి కింది పొరల బలం కూడా దక్కుతుంది. నా ఓటు 9,500కే.

ఇక ప్లేటు. 5 ఎంఎం వద్దు, 8 ఎంఎం వేయండి. అడుగున రెండు అడ్డపట్టీలు ఉంటే 6 ఎంఎం కూడా నిలుస్తుంది. పల్చటి ప్లేటు తెగిపోదు, మెలి తిరుగుతుంది. అప్పుడు వించ్ రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉండవు, మోటారుకీ గేరుబాక్సుకీ మధ్య షాఫ్టు పట్టేస్తుంది. వించ్ బాగుండి కూడా బిగుతుగా తిరిగి వేడెక్కుతోందంటే చాలాసార్లు తప్పు ప్లేటుదే. అందుకే బోల్టులు చేత్తో పట్టించి, క్లచ్ విప్పి డ్రమ్ము చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితేనే బిగించండి. తిరక్కపోతే కాలి కింద షిమ్ము (పల్చటి రేకు ముక్క) వేసి మట్టం చేయండి.

కాళ్ల రంధ్రాల కొలత ఈ సైజు వించ్‌లకి దాదాపు అన్నిటికీ ఒకటే: 254 ఎంఎం x 114.3 ఎంఎం. ఎం10 బోల్టులు నాలుగు, 8.8 గ్రేడు, 45 న్యూటన్ మీటర్లు. హార్డ్‌వేర్ కొట్లో దొరికే మామూలు 4.6 గ్రేడు బోల్టులు నాలుగూ కలిపి కోతకి ఓర్చుకునేది 5.7 టన్నులు, 8.8 అయితే 11 టన్నులు దాటుతుంది. తలకాయ మీద అంకె లేని బోల్టు అక్కడ పెట్టనే వద్దు.

బంపర్ ఉంచుకోవాలంటే వించ్‌ని పడుకోబెట్టకుండా కాళ్లు ముందుకి తిప్పి నిలువు ప్లేటుకి బిగించే పద్ధతి చూడండి. లోతు తక్కువ పడుతుంది. లాగినప్పుడు వించ్ ప్లేటుకే నొక్కుకుంటుంది కాబట్టి బోల్టుల మీద బరువు కూడా తగ్గుతుంది. అలా బిగిస్తే క్లచ్ పిడి చెయ్యి అందని చోటికి పోవచ్చు. గేరుబాక్సు చుట్టూ బోల్టులు విప్పి పిడి పైకొచ్చేలా తిప్పుకోవాలి. ఇది బండికి ఎక్కించకముందే బల్ల మీద చేసేయండి. మోటారు కింద నీళ్లు పోయే రంధ్రం కిందకే ఉండాలి, మర్చిపోవద్దు.

బ్యాటరీతీగ:
కరెంటు సంగతి నేను చెబుతాను. ఆ వించ్ నిండు లోడు మీద 400 ఆంపియర్లు దాటి లాగుతుంది. స్టార్టరు మోటారు రెండు మూడు సెకన్లు తీసుకునేదాన్ని ఇది నిమిషం పాటు తీసుకుంటుంది.

కేబుల్ 35 చదరపు ఎంఎం రాగి, అంతకు తగ్గొద్దు. మీటరుకి అర మిల్లీ ఓమ్. పోను రాను నాలుగు మీటర్లయితే 400 ఆంపియర్లకి 0.8 వోల్టు పోతుంది, పర్వాలేదు. అదే 16 చదరపు ఎంఎం వేస్తే 1.7 వోల్టులకి పైగా పోయి, 700 వాట్ల వేడి తీగలోనే పుడుతుంది. తొడుగు కరుగుతుంది. వెల్డింగ్ కేబుల్ వాడొచ్చు, మెత్తగా వంగుతుంది, కానీ డీజిలూ ఆయిలూ తగిలే చోట పైన ముడతల గొట్టం తొడగాలి. కొనల్లో రాగి ట్యూబు లగ్గులు, హైడ్రాలిక్ క్రింపరుతో నొక్కించండి. సుత్తితో కొట్టి పైన సీసం పోసిన లగ్గు వేడికి వదులవుతుంది.

ఎర్త్ దగ్గరే ఎక్కువ మంది పొరపాటు చేస్తారు. ప్లస్‌కి లావు కేబుల్ వేసి, ఎర్త్ చాసిస్ బోల్టుకి తగిలిస్తారు. రంగూ తుప్పూ ఉన్న ఆ జాయింటు 400 ఆంపియర్లు మోయలేదు. మోటారు మీది ఎర్త్ స్టడ్డు నుంచి అదే మందం కేబుల్ నేరుగా బ్యాటరీ మైనస్‌కి రావాలి.

ప్లస్ వైపు, బ్యాటరీకి దగ్గరగా, బోనెట్ ఎత్తగానే చెయ్యి అందే చోట ఐసోలేటరు స్విచ్చు (వించ్‌కి కరెంటు మొత్తం కోసేది) తప్పనిసరి. కనీసం 300 ఆంపియర్లు నిలకడగా మోసేది కావాలి. కాంటాక్టరు (మోటారుకి కరెంటు వదిలే పెద్ద రిలే) అతుక్కుపోతే రిమోట్ బటన్ వదిలినా వించ్ ఆగదు, అప్పుడు మీకున్న ఆధారం ఆ స్విచ్చే. కంట్రోల్ పెట్టెని బంపర్ వెనక బురదలో వదలకుండా గ్రిల్ వెనక ఎత్తులో పెట్టండి.

ఆల్టర్నేటరు 90 ఆంపియర్లు ఇచ్చినా మిగతా 310 బ్యాటరీవే. నిమిషానికి 5 ఆంపియర్ అవర్లు ఖర్చు. ఇంజన్ నడుస్తూ ఉండాలి, ముప్పై సెకన్లు లాగి, మోటారు మీద చెయ్యి పెట్టి చూసి, ఆపి మళ్లీ లాగాలి. 650 సీసీఏ (చలిలో స్టార్టింగుకి ఇవ్వగల కరెంటు, ఆంపియర్లలో) ఉన్న బ్యాటరీ ఉంటే మేలు.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసి పది నిమిషాలు ఆగండి, ముందు ఎయిర్‌బ్యాగ్ తీగలుంటాయి.

కొల్లేరుగట్టు:
చాలా సాయం అయింది అండీ. గట్టు చివర దారి మూసుకుపోయే చెరువులు కూడా ఉన్నాయి. తాడు విషయం, వాడకం ఎవరైనా చెప్పగలరా?

తాడుముడి:
కొల్లేరుగట్టు గారూ, మీరు అడిగిన ఆ చివరి మాటే అసలు చిక్కు. ముందు వించ్ ముందుకే లాగుతుంది. మూసుకుపోయిన గట్టు మీద ఇంకా లోపలికి లాక్కోవడం వల్ల లాభం లేదు. అలాంటి చోట్లకి వెనక్కి లాగే టర్‌ఫర్ ఒకటి (చేత్తో పిడి ఆడిస్తూ తాడు లాగే సాధనం), 1.6 టన్నులదైనా, డాలాలో ఉంచుకోండి. నెమ్మదిగా అయినా ఎటు కావాలంటే అటు లాగుతుంది. లేదా అలాంటి గట్టెక్కే ముందే బండి తిప్పి రివర్సులో వెళ్లండి.

తాడు: మీ బురదకి నేను ఇనుప తాడే చెబుతాను, 9.5 ఎంఎం. సింథటిక్ తాడు తేలిక, తెగినా కొరడాలా కొట్టదు, కానీ రేగడి బురద పోగుల్లోకి దూరి ఎండితే లోపల్నుంచి కోస్తుంది. వాడిన ప్రతిసారీ మొత్తం విప్పి కడిగే ఓపిక ఉంటేనే అది. ఇంకొకటి, చాలా వించ్‌ల బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది. బరువు మీద తాడు వదులుతూ పోతే ఆ బ్రేకు కాలి, డ్రమ్ముకి ఆనుకున్న సింథటిక్ పొర కరుగుతుంది. తాడు బయటికొచ్చే దారిలో బిగించేది ఫెయిర్‌లీడ్. ఇనుప తాడుకి రోలర్ ఫెయిర్‌లీడ్, సింథటిక్‌కి అల్యూమినియం హాస్ (రోలర్లు లేని నున్నటి రంధ్రం ప్లేటు). ఇనుప తాడు అరగదీసిన ఫెయిర్‌లీడ్ మీద కొత్త సింథటిక్ తాడు వేయకండి.

తాడు డ్రమ్ము అడుగు నుంచే బయటికి రావాలి. పై నుంచి వచ్చేలా చుడితే లాగుతుంది గానీ బ్రేకు పట్టదు, బటన్ వదలగానే బండి వెనక్కి జారుతుంది. కొత్త తాడుని ముందు మొత్తం విప్పి, చదునైన చోట బండి న్యూట్రల్‌లో పెట్టి, ఒకరు కాస్త బ్రేకు ఆనిస్తుండగా బండినే లాక్కుంటూ చుట్టుకోవాలి. 230 కేజీల బిగువైనా ఉండాలి. వదులుగా చుట్టిన తాడు మొదటి అసలు లాగుడుకే కింది పొరల్లోకి దిగి ఇరుక్కుంటుంది. డ్రమ్ము మీద ఇనుప తాడు ఐదు చుట్లు, సింథటిక్ అయితే పది, ఎప్పుడూ మిగలాలి.

కొబ్బరిచెట్టుకి తాడు నేరుగా చుట్టొద్దు. 60 ఎంఎం పైన వెడల్పున్న బెల్టు మొదట్లో, నేలకి వీలైనంత దగ్గరగా వేసి, యూ ఆకారపు షాకిల్‌తో తగిలించండి. చెట్టు లేకపోతే గట్టు గట్టిగా ఉన్న చోట లాగే దిశకి అడ్డంగా మొలలోతు గొయ్యి తీసి, స్టెప్నీకి బెల్టు కట్టి పాతిపెట్టండి. లాగేటప్పుడు తాడు మధ్యలో తడిపిన గోనెసంచి వేయాలి, తెగితే నేలకి కొడుతుంది. చేతులకి తోలు గ్లవ్సు. తాడు దాటి ఎవరూ నడవకూడదు.

లాగే ముందు చక్రాల ముందు బురద పారతో తీసేయండి. పార పది నిమిషాలు ఆడితే వించ్ మీద బరువు బాగా తగ్గుతుంది.

చాసిస్‌పని:
రెండు మాటలు మిగిలాయి. వించ్, ప్లేటు, ఫెయిర్‌లీడ్ కలిపి 60 కేజీలనుకుందాం. ఇరుసుకి 85 సెంటీమీటర్లు ముందు వేలాడుతుంది, వీల్‌బేస్ 3,095 ఎంఎం. అంటే ముందు ఇరుసు మీద 76 కేజీలు పెరిగి, వెనక 16 తగ్గుతుంది. ఖాళీ బండి ముక్కు దిగితే హెడ్‌లైట్లు మళ్లీ సరిచేయించి, అలైన్‌మెంటు చూపించండి. వించ్ రేడియేటరుకి అడ్డమైతే ఏసీ వేసుకుని ఎండలో నడిపి టెంపరేచరు ముల్లు గమనించండి.

చట్టం వైపు: 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ బుల్‌బార్లూ క్రాష్‌గార్డులూ వద్దని రాష్ట్రాలకి రాసింది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం. అనుమతి లేని మార్పుకి 182ఏ కింద ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానాగానీ ఆరు నెలల దాకా జైలుగానీ, రెండూ గానీ పడొచ్చు. కాబట్టి స్టీలు బంపర్ జోలికి పోకుండా కంపెనీ బంపర్ వెనకే వించ్ దాచి, ముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి, ఇన్సూరెన్సు వాళ్లకి కాగితం రాసి ఇవ్వండి. హుక్ బంపర్ దాటి బయటికి పొడుచుకు రాకూడదు. నెంబర్ ప్లేటు తాడు దారికి అడ్డమొస్తే దాన్ని పీకి డాష్‌బోర్డు మీద పెట్టడం కుదరదు, మడత బ్రాకెట్టు చేయించి ముందే కనిపించేలా బిగించాలి.

మొదటి గట్టి లాగుడు అయ్యాక బోల్టులన్నీ టార్క్ రెంచితో మళ్లీ చూడండి. ప్లేటుకీ చాసిస్‌కీ మధ్య రంగు నలిగి కాస్త వదులవుతాయి.