మిరపకాయ కవిత వంకాయ అయింది: దీన్ని బంధం అనొచ్చా?

బ్రాడీపేట, గుంటూరు:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఏడో తరగతి. ఇంగ్లీషులో షేప్ పోయెమ్ రాసుకు రమ్మన్నారు. సరదాకి తెలుగులో కూడా ఒకటి రాసింది, మిరపకాయ మీద, మిరపకాయ ఆకారంలోనే. తొడిమ దగ్గర చిన్న మాట, నడుమ పొడుగు లైన్లు, కొసకి ఒక్క అక్షరం. కంప్యూటర్లో ముచ్చటగా ఉంది. ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఫోన్లలో లైన్లు విరిగిపోయి వంకాయలా తయారైంది. మా మామయ్యగారు ఇది బంధకవిత్వం అంటున్నారు, మావారు చిత్రకవిత్వం అంటున్నారు. ఏది కరెక్టు?

విద్యాధరపురం, విజయవాడ:
రెండూ ఒకటేనండీ. బొమ్మ ఉంటే చిత్రకవిత్వం.

సత్యనారాయణపురం, విజయవాడ:
ఒకటి కాదు నాయనా. ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి, కొంచెం ఓపిక పట్టండి.

ముందు 'చిత్రం' సంగతి. మనం "చిత్రంగా ఉందే" అన్నప్పుడు బొమ్మలా ఉందని కాదుగా, వింతగా ఉందని. చిత్రకవిత్వంలో ఆ వింత కూడా ఉంది. ఒకే హల్లుతో పద్యమంతా నడపడం, ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకేలా ఉండటం, ఇవన్నీ చిత్రకవిత్వమే. వాటిలో బొమ్మే లేదు. అక్షరాలను పద్మం, చక్రం, కత్తి, పాము లాంటి ఆకారాల్లో బిగించి కట్టే రకానికి మాత్రం బంధం అని పేరు. అంటే మీవారు పెద్ద ఊరి పేరు చెప్పారు, మామయ్యగారు అందులో పేట పేరు చెప్పారు. అమ్మాయి మిరపకాయ ఆ పేటలోది కాదని నా అభిప్రాయం.

అది పడమటి పద్ధతి. జార్జ్ హెర్బర్ట్ అనే ఇంగ్లీషు కవి 1633లో అచ్చయిన పుస్తకంలో రెక్కల ఆకారంలో పద్యం రాశాడు. లైన్లు సన్నబడి మళ్లీ పొడుగవుతాయి, రెక్క కనపడుతుంది. ఫ్రెంచి కవి అపోలినేర్ అయితే వాన మీద కవితలో అక్షరాలను చినుకుల్లా పై నుంచి కిందికి జార్చాడు. ఇవి కంటికి బొమ్మలు. కాగితం మీద ఎక్కడ ఏ అక్షరం కూర్చుందో అదే ప్రాణం. ఫోన్లో కాగితం వెడల్పు మారింది, మీ మిరపకాయ పోయింది.

బంధంలో బొమ్మ కంటికంటే ముందు చదివే దారిలో ఉంటుంది. పద్మబంధానికి సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడు తన కావ్యప్రకాశం అనే గ్రంథంలో ఇచ్చిన శ్లోకం చూడండి:

భాసతే ప్రతిభాసార రసాభాతాహతావిభా
భావితాత్మా శుభా వాదే దేవాభా బత తే సభా

ఒక సభను పొగుడుతున్నాడు, దేవసభలా వెలుగుతోందని. 32 అక్షరాలు. తామర నడుమ దుద్దులో 'భా' ఒక్కటి రాయండి. చుట్టూ ఎనిమిది రేకులు, రేకుకు రెండేసి అక్షరాలు. 'భా' నుంచి బయల్దేరి 'సతే' అని ఒక రేకు మీదుగా బయటికి, 'ప్రతి' అని పక్క రేకు మీదుగా లోపలికి, మళ్లీ 'భా'. 'సార' అని మూడో రేకు మీద బయటికి, అదే రేకు మీద 'రసా' అని వెనక్కి, మళ్లీ 'భా'. ఇలా తిరిగితే ఆ ఒక్క 'భా' ఎనిమిదిసార్లు పలుకుతుంది, నాలుగు రేకులు రాకపోకలు రెండింటికీ పనికొస్తాయి. మొత్తం రాయాల్సినవి 17 అక్షరాలే! పెన్సిల్ పట్టుకుని ఒకసారి వేసి చూడండి, చెబితే ఆ మజా రాదు.

తమాషా ఏమిటంటే, వ్యంగ్యం, అంటే మాటల వెనక స్ఫురించే అర్థం, లేని చిత్రకావ్యాన్ని అధమం అన్నది కూడా ఆ మమ్మటుడే. అధమం అంటూనే దానికి ఇంత చక్కని ఉదాహరణ ఇచ్చాడు. తెలుగులో నన్నెచోడుడి కుమారసంభవంలోనే బంధాలున్నాయి. గణపవరపు వేంకటకవి ప్రబంధరాజ వేంకటేశ్వర విజయవిలాసంలో అయితే ఇక విందే. అంత విందు నాకు అరగదు, అది వేరే సంగతి.

అరండల్‌పేట, గుంటూరు:
మాస్టారూ, ఏడో తరగతి పిల్లకి పద్మబంధం అంటే టెన్షన్ వస్తుందండీ. తేలికది ఏదైనా చెప్పండి.

సత్యనారాయణపురం, విజయవాడ:
గోమూత్రిక. పేరు విని ముక్కు మూసుకోకండి. ఎద్దు నడుస్తూ పోస్తే మట్టిరోడ్డు మీద వంకరటింకర గీత పడుతుందే, అదే ఆకారం. రెండు పాదాలు ఒకదాని కింద ఒకటి రాయాలి. సరి స్థానాల్లో, అంటే రెండు, నాలుగు, ఆరులో రెండు పాదాల్లోనూ ఒకే అక్షరం రావాలి. అప్పుడు పై అక్షరం, కింది అక్షరం, మళ్లీ పైది అని వంకరగా చదివినా మొదటి పాదమే వస్తుంది. కింద నుంచి మొదలుపెడితే రెండోది.

బ్రాడీపేట, గుంటూరు:
మాస్టారూ, అమ్మాయి రాసింది. సరిచూడండి.
కారమైన కాయ
నోరులోన మాయ

సత్యనారాయణపురం, విజయవాడ:
భేష్, కానీ వంకరగా చదవమ్మా. "కారుమైన కాయ" వస్తోంది. కారెక్కడిది మధ్యలో! ర, రు ఒకటి కావు. గుణింతం, ఒత్తుతో సహా కలవాలి.

విద్యాధరపురం, విజయవాడ:
కారు కూడా కారమైపోయింది 😀

బ్రాడీపేట, గుంటూరు:
రాత్రి పదకొండు దాకా కూర్చుంది. మిరపకాయ లొంగలేదట, పూలకు మారింది.
మల్లెపూల వాన
పల్లె నేల పైన

సత్యనారాయణపురం, విజయవాడ:
ల్లె, ల, న. మూడూ కలిశాయి! ఎటు నుంచి చదివినా చెక్కు చెదరలేదు. తల్లీ, దీన్ని ఏ ఫోన్లో పంపినా వంకాయ కాదు. లైన్లు విరిగినా అక్షరాల లెక్క మారదు.

బ్రాడీపేట, గుంటూరు:
ధన్యవాదాలు మాస్టారూ. స్కూల్లో మాత్రం మిరపకాయే చార్టు మీద చేత్తో రాసి ఇచ్చింది. గోమూత్రిక అంటే ఏమిటని టీచరు అడిగితే ఇంగ్లీషులో ఎలా చెప్పాలి అని ఒకటే నవ్వు.