ఆసుపత్రివాళ్లు పేటలో ఇళ్లు బాగుచేయిస్తే అద్దెలు పెరగవా?

అందరికీ నమస్కారం. మేం ఒహాయోలో ఉంటాం. మా దగ్గరి ఆసుపత్రి పిల్లల ఆరోగ్యం కోసమని చుట్టుపక్కల పాత ఇళ్ల మరమ్మతులకు డబ్బు పెడతానంటోంది. నన్నూ సలహా కమిటీలో వేశారు.

ఆలోచన మంచిదే. ఇక్కడ 1978కి ముందు, అంటే ఇళ్లకు సీసం రంగులు నిషేధించకముందు, కట్టిన ఇళ్లే ఎక్కువ. సీసం కలిసిన రంగు పెచ్చులూడుతుంటుంది, గోడలకు చెమ్మ, బూజు. ఉబ్బసంతో వచ్చిన పిల్లాడికి మందిచ్చి మళ్లీ అదే గదిలోకి పంపితే ఏం లాభం? కొలంబస్‌లో నేషన్‌వైడ్ చిల్డ్రన్స్ హాస్పిటల్ 2008లోనే ఇలాంటి పని మొదలుపెట్టింది. పాడుబడ్డ ఇళ్లు కొని బాగుచేయించింది, సొంతిల్లున్నవాళ్లకు బయటి మరమ్మతులకు గ్రాంట్లిచ్చింది.

నా భయమల్లా అద్దెకున్నవాళ్ల గురించే. పేట బాగుపడితే ఓనర్లు అద్దె పెంచరా? అప్పుడు ఆ పిల్లలే ఇంకో చెమ్మ ఇంటికి పోతారు. (మా కమిటీలో అద్దెకుండేవాళ్లు ఒక్కరూ లేరు, అదో తమాషా.)

ఆ ఆసుపత్రి ఉన్న కొలంబస్ సౌత్‌సైడ్‌లో ఉంటున్నవాళ్లు, ఆసుపత్రుల్లో ఇలాంటి పని చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. గ్రాంటు తీసుకున్న ఓనరు కొన్నేళ్లు అద్దె పెంచకూడదని షరతు పెట్టొచ్చా? పెడితే అసలు ఎవరైనా ముందుకొస్తారా?