గుమ్మడి ఏల్ రుచి మత్తు లేకుండా ఇంట్లో రాబట్టొచ్చా?

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. ఈమధ్య బెంగళూరులో ఒక బ్రూపబ్‌లో (బీరు అక్కడే కాచి అమ్మే పబ్బు) మసాలా గుమ్మడి ఏల్ అనే ఒక రకం బీరు తాగాను. భలే నచ్చింది. ముందు దాల్చినచెక్క, జాజికాయ ఘాటు, దాని వెనకే కాల్చిన గుమ్మడి తీపి, చివర్లో సన్నటి చేదు. అమెరికాలో వలసల కాలంలో మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) దొరకనప్పుడు గుమ్మడికాయతోనే బీరు కాచేవాళ్లట.

ఆ రుచి అమ్మకీ పిల్లలకీ చూపించాలని నా ఆశ. అందుకే ఆల్కహాల్ అస్సలు ఉండకూడదు, ఈస్టు వేయను. తీపి గుమ్మడి ముక్కల్ని అంచులు నల్లబడేదాకా పెనం మీద కాల్చి, ఉడికించి, బెల్లం, అల్లం, లవంగం వేసి వడగట్టి, చల్లటి సోడా కలుపుతున్నాను. వాసన అద్భుతం. కానీ కాసేపటికే గుజ్జంతా గ్లాసు అడుక్కి దిగిపోతోంది, నాలుకకి పిండిపిండిగా తగులుతోంది.

మొలకెత్తిన బార్లీలో ఉండే ఎంజైములు 65 డిగ్రీల వేడి దగ్గర పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి కదా. మా ఇంట్లో మొలకరాగుల పిండి ఎప్పుడూ ఉంటుంది. గుమ్మడి గుజ్జులో అది కలిపి, అదే వేడిలో గంటసేపు ఉంచితే పని జరుగుతుందా? చేసి చూసినవాళ్లు పాళ్లు చెప్పండి.

ఇంకో సంగతి. బీరుకి చేదునిచ్చే హాప్స్ పూలకి బదులు ఏం వేయాలి? మెంతులు వద్దు, మిగతా వాసనల్ని మింగేస్తాయి. నారింజ తొక్క సరిపోతుందా? దాల్చినచెక్కని కూడా ఉడికేటప్పుడే వేయాలా, దించాక వేయాలా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పగలరు.