కుప్పించి, లంఘించి: మొసలి దూకడానికి రెండు మాటలెందుకు?

ప్రశ్న

పోతన భాగవతంలోని గజేంద్రమోక్షంలో మొసలి ఏనుగును పట్టుకునే సీసం కింద తేటగీతి ఇది:

సరసిలోనుండి పొడగని సంభ్రమించి
యుదరి కుప్పించి లంఘించి హుంకరించి
భానుఁ గబళించి పట్టు స్వర్భాను పగిది
నొక్క మకరేంద్రుఁ డిభరాజు నొడిసి పట్టె.

కుప్పించడమన్నా లంఘించడమన్నా దూకడమే కదా? పైగా రెండూ త గణాలే (రెండు గురువులు, ఒక లఘువు). తేటగీతి పాదం నడుమ ఉండే రెండు ఇంద్రగణాల చోట చక్కగా ఇమిడిపోయాయి. రెండో మాట పాదపూరణకే వేశాడని అనుకోవచ్చా? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం

గణాల సంగతి మీరు సరిగ్గా పట్టుకున్నారు. నా జవాబు కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. రెండూ త గణాలే కాబట్టి వాటిని తారుమారు చేసి 'యుదరి లంఘించి కుప్పించి హుంకరించి' అన్నా పద్యం చెడదు. యతి మొదటి గణానికీ నాలుగో గణానికీ మధ్య ఉంటుంది కనుక ఉ, హు మైత్రికి కూడా లోటు రాదు. ఎలా వేసినా నడిచే చోట కవి కుప్పించడాన్ని ముందు పెట్టాడంటే, ఆ వరుస అతనికి కావలసిందే అయి ఉంటుంది.

నిఘంటువు చూస్తే కుప్పించు అంటే దూకు, గంతువేయు అనే ఉంటుంది. ప్రయోగం చూడండి. భీష్ముడి మీదికి కృష్ణుడు రథం దిగి వచ్చే పద్యంలో ఇదే కవి 'కుప్పించి యెగసినఁ గుండలంబుల కాంతి' అన్నాడు. అక్కడ పైకి లేవడానికి ఎగయడమనే మాట వేరే ఉంది. కుప్పించడం దానికి ముందు జరిగే పని: ఒళ్ళు దగ్గరికి తీసుకుని, బలమంతా కాళ్ళలోకి తెచ్చుకోవడం. అది పూర్తయ్యాకే ఎగయడం గానీ లంఘించడం గానీ.

ఇక మొసలి వేటాడే తీరు చూడండి. దాని ముక్కు రంధ్రాలు, కళ్ళు, చెవులు తల పైభాగాన ఇంచుమించు ఒకే వరుసలో ఉంటాయి. ఆ కాస్త భాగం తప్ప ఒళ్ళంతా నీళ్ళలో ఉంచి గట్టు వైపు చూస్తూ ఉంటుంది. దప్పిగొన్న జంతువు కనబడగానే నీళ్ళలోకి మునిగి, అలికిడి లేకుండా దగ్గరికి జరుగుతుంది. ఆ జంతువు మూతి నీటికి ఆనించేదాకా కదలదు. అప్పుడు తోక వంచి, వెనుక కాళ్ళను అడుగు నేలకు తన్నిపెట్టి ఒక్క విసురున బయటికి వస్తుంది. పట్టేది మూతినో కాలినో. ఆఫ్రికాలో నైలు మొసళ్ళు నీళ్ళు తాగుతున్న ఏనుగు తొండాన్ని పట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. పొడగనడం (చూడడం), కుప్పించడం, లంఘించడం, ఒడిసి పట్టడం: తేటగీతిలో క్రియలు ఈ వేట వరుసలోనే నడిచాయి. రెండో మాట తీసేస్తే వేటలో ఒక మెట్టు పోతుంది.

'ఒడిసి' దగ్గర కూడా ఆగాలి. ఒడియడం అంటే చప్పున అందిపుచ్చుకోవడం. వాన నీటిని ఒడిసి పట్టాలని ఇప్పుడు అందరం రాస్తున్నాం. చేజారేదాన్ని జారకముందే పట్టడం అందులోని అసలు భావం. మొసలి దవడల్లో మూసే కండరాలకున్న బలంలో తెరిచే కండరాలకు చిన్న పాలు కూడా ఉండదు. 2012లో అమెరికా పరిశోధకులు కొలిచినప్పుడు ఉప్పునీటి మొసలి పట్టు 16,000 న్యూటన్లు దాటింది. అదే దవడలను మూసి కడితే మామూలు తాడుతో ఆపవచ్చు. మూయడానికీ, మూసినదాన్ని వదలకుండా ఉండడానికీ పుట్టిన నోరది.

మరొకరి అభ్యంతరం

కవిని జంతుశాస్త్రవేత్తను చేస్తున్నారేమో. అదే సీసంలో భుగభుగమని బుడగలు, భువన భయంకర ఫూత్కారాలు ఉన్నాయి. గట్టు మీది చెట్లు వేళ్ళతో సహా కూలుతాయి. మీరు చెప్పిన మొసలి చప్పుడు చేయదు. ఈ మొసలి హుంకరిస్తుంది.

సమాధానం

ఒప్పుకుంటాను. సీసపాదాలు చెవికి పండుగ చేయడానికి రాసినవి. అంత చప్పుడు చేసే మొసలికి ఆ పూట ఆహారం దొరకదు. అయితే పోరు సాగుతుండగా వచ్చే శార్దూలవిక్రీడిత పద్యం కూడా చదవండి. నా మాటకు అసలు బలం అక్కడుంది.

పాదద్వంద్వము నేల మోపి పవనున్ బంధించి పంచేంద్రియో
న్మాదంబున్ బరిమార్చి బుద్ధిలతకున్ మాఱాకు హత్తించి ని
ష్ఖేదబ్రహ్మపదావలంబనరతిం గ్రీడించు యోగీంద్రు మ
ర్యాదన్ నక్రము విక్రమించెఁ గరిపాదాక్రాంతనిర్వక్రమై.

సంస్కృత భాగవతంలో ఈ ఘట్టాన నీళ్ళలోకి లాగబడుతున్న ఏనుగుకు మనసూ బలమూ తేజమూ తరిగాయనీ, నీటి జంతువుకు అంతా అందుకు విపర్యయమైందనీ, అంటే తారుమారుగా అవి పెరిగాయనీ ఉంది. ఆ 'విపర్యయం' ఎలాంటిదో చూపించడానికి పోతన యోగిని తెచ్చాడు. హింసించే జంతువుకు యోగితో పోలిక ఏమిటని ఈ పద్యాన్ని చూసి ఇబ్బంది పడేవారున్నారు. నాకు మాత్రం తెలుగులో వేటజంతువు మీద వచ్చిన పద్యాల్లో ఇంత నిశితమైనది మరొకటి కనబడదు.

'పవనున్ బంధించి' అన్నది మొసలికి అక్షరాలా వర్తిస్తుంది. కదలకుండా ఉంటే అది గంటకు పైగా కూడా ఊపిరి బిగబట్టగలదు. మునిగినప్పుడు గుండె వేగం తగ్గుతుంది. దాని గుండెకు మనకు లాగే నాలుగు గదులున్నా, ఊపిరితిత్తుల వైపు వెళ్ళే రక్తాన్ని తగ్గించి ఒంటికి మళ్ళించే మార్గం అదనంగా ఉంది. గొంతు మొదట్లో ఒక కండ మూతలా అడ్డుపడుతుంది కనుక నీళ్ళలో నోరు తెరిచి ఎరను పట్టుకున్నా ఊపిరితిత్తుల్లోకి నీరు పోదు.

'పంచేంద్రియోన్మాదంబున్ బరిమార్చి' ఇంకా వింతగా సరిపోతుంది. మునిగే మొసలి ముక్కు మూసుకుంటుంది, చెవుల మీది తొడుగు దించుకుంటుంది, కంటికి పల్చటి మూడో రెప్ప అడ్డం వేసుకుంటుంది. ఇన్ని మూసుకున్నా ఒకటి మేలుకునే ఉంటుంది. దవడల చర్మం మీద ఆవగింజంత నల్లటి చుక్కలు వరుసలుగా కనబడతాయి. 2002లో అమెరికా ఎలిగేటర్ల మీద చేసిన ప్రయోగంలో, చీకట్లో చెవులు పనిచేయకుండా చేసినా, ఒక్క నీటిబొట్టు పడిన చోటికి అవి తల తిప్పాయి. ఆ చుక్కల మీద ప్లాస్టిక్ తొడుగు వేస్తే తిప్పలేదు. నీటి మీద పుట్టే చిన్న అల కూడా ఆ చుక్కలకు తగులుతుందన్నమాట. ఇంద్రియాలను ఉపసంహరించుకుని ఒక్క దాని మీద నిలపడమంటే అదే కదా!

'నిష్ఖేద' ఒక్కటీ సగమే నిజం. కాచుకుని ఉండడంలో మొసలికి అలుపు లేదు. నెత్తురు చల్లనిది కనుక తిండి లేకుండా నెలలు గడపగలదు. పెనుగులాటలో మాత్రం త్వరగా అలసిపోతుంది. దాని కండరాలు ప్రాణవాయువు అందకుండానే ఒక్కసారిగా బలం తీస్తాయి, ఆ వెంటనే ఆమ్లంతో నిండి బిగుసుకుంటాయి. వెయ్యేళ్ళ పోరు పురాణానిది. మంజీర మడుగుల్లో ఉండే మన మగ్గర్ మొసలి అయితే కాసేపట్లో గెలవాలి, లేదా వదిలేయాలి. ఎదిగిన ఏనుగు జోలికి అది సాధారణంగా పోదు.

ఇంకొకరు

కబళించడం గురించి ఎవరూ అనలేదు. స్వర్భానువు, అంటే రాహువు, పోలిక ఎందుకు?

సమాధానం

మంచి చోట ఆపారు. కబళం అంటే ముద్ద. నమలకుండా ముద్దగా మింగడమే కబళించడం. మొసలి తినేదీ అలాగే. దాని పళ్ళు మేకుల్లా మొనదేలి ఉంటాయి, పట్టుకోవడానికే తప్ప కోయడానికీ నమలడానికీ పనికిరావు. నాలుక కింది దవడకు అతుక్కుని ఉండడంతో నోట్లో ముద్దను కదిపే వీలు కూడా లేదు. చిన్న జంతువునైతే తల పైకెత్తి గొంతులోకి జార్చుకుంటుంది. పెద్దదైతే నీళ్ళలోకి లాగి ముంచి, ఒక భాగాన్ని పట్టుకుని తన ఒళ్ళంతా గిరగిరా తిప్పుతుంది. ఆ మెలికకు మాంసం తెగి వస్తుంది. ఒక్కోసారి రెండు మొసళ్ళు ఒకే కళేబరాన్ని పట్టుకోవడం చూస్తాం. ఒకటి బిగబట్టి ఉంటే రెండోది తిరుగుతుంది. ఎముకలనూ కొమ్ములనూ కరిగించే ఆమ్లం కడుపులో ఉంది. మింగిన రాళ్ళూ ఉంటాయి.

ఇప్పుడు రాహువు సంగతి. రాహువుకు తల ఒక్కటే, మొండెం లేదు. సూర్యుణ్ణి మింగగలడు గానీ కడుపులో ఉంచుకోలేడు. పోతన మొసలి ఏనుగును పట్టిన క్షణంలోనే, పట్టిందే గానీ ఇది తినలేదు అన్న సంగతి ఆ పోలికలో చేరిపోయింది. చక్రం వచ్చి మొసలి తల తెంచడం ఇంకా ఎన్నో పద్యాల దూరంలో ఉంది. ఆ తలకూ రాహువు తలకూ ఉన్న చుట్టరికం కవికి తెలియకుండా పడిందని నేను నమ్మలేను.

ఇంకొకరు

వేమన 'నీళ్ళలోన మొసలి నిగిడి యేనుఁగుఁ బట్టు, బైట కుక్కచేత భంగపడును' అన్నాడు కదా. నిగిడి అంటే విజృంభించి అని చదువుకున్నాం.

సమాధానం

నిగుడు అంటే ముందు సాగు, చాచుకొను. విజృంభించడం తర్వాత వచ్చిన అర్థం. మొసలి నీళ్ళలోంచి రావడానికి మొదటి అర్థమే బాగా అతుకుతుంది. దీనికి సాటి సంస్కృత శ్లోకంలో 'నక్రః స్వస్థానమాసాద్య గజేంద్రమపి కర్షతి' అని ఉంది. అక్కడ మొసలి ఏనుగును లాగుతుంది, వేమనలో సాగి పట్టుతుంది. రెండో పాదం కూడా ఉత్త నీతి కాదు. గట్టు మీద మొసలి పరుగు కొద్ది గజాలే, తర్వాత ఒళ్ళు మొరాయిస్తుంది. రణథంబోర్‌లో మచిలీ అని పేరుపడిన ఆడపులి పెద్ద మగ్గర్ మొసలిని చంపిన సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. మీ దగ్గరున్న ప్రతిలో నిగిడి బదులు వేరే పాఠం ఉంటే ఇక్కడ పెట్టండి, చూద్దాం.