సొర పిందెలన్నీ పసుపుబారి రాలిపోతున్నయ్, సిటీల తేనెటీగలు లేకనేనా?

ప్రశ్న (హన్మకొండ మిద్దెతోట):
మిద్దె మీద రెండు టబ్బులల్ల సొర, ఒకదాంట్ల వంకాయ పెట్టిన. వంకాయ మంచిగనే కాస్తుంది, సొర మాత్రం తీగంతా పూలే, పిందె బొటనవేలంత అయ్యేసరికి కొస నుంచి పసుపుబారి రాలుతుంది, నెల నుంచి ఒక్క కాయ నిలబడలే. అమ్మోళ్లది ములుగు దిక్కు, ఆడ దడి మీదికి పాకించి వదిలేస్తే చాలు తెంపలేనన్ని కాస్తయ్, గవే గింజలు తెచ్చి పెట్టిన. రోజూ పొద్దుగాల 8 గంటలకు చూస్తా, సొర మీద ఒక్క తేనెటీగ ఉండది, వంకాయ మీద నల్ల తుమ్మెదలు తిరుగుతనే ఉంటయ్. సిటీ పొగకు తేనెటీగలు చస్తున్నయంటరు, గదేనా కారణం?

జవాబు 1:
నీళ్లు ఎక్కువైనా రాలుతయ్ అక్కా, టబ్బు కింద బొక్క మూసుకపోయిందేమో చూడుండ్రి.

జవాబు 2 (బాటనీ చదివిన):
నీళ్లు కూడ చూడుండ్రి, గని పిందె గట్ల కొస నుంచి పసుపుబారుడంటే ఎక్కువ మట్టుకు పుప్పొడి అందకనే. పొగ మాట అబద్ధం కాదు, బెంగళూరుల పెద్ద తేనెటీగల మీద చేసిన పరిశోధన 2020ల వచ్చింది, పొగ ఎక్కువున్న జాగల పట్టిన ఈగలు 80 శాతానికి పైనే 24 గంటలల్ల చచ్చిపోయినయ్. కాని మీ సొర సంగతి వేరే అక్కా, మీరు చూసే టైంకు దాని పని అయిపోయి పువ్వు వాడే దశకొస్తది. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటది, తెల్లగ ఉంటది కాబట్టి చీకట్ల కనబడుతది, దానికి ముఖ్యంగ సీతాకోకచిలుక లెక్కుండి రాత్రి తిరిగే మాత్‌లు రావాలె. వంకాయ పుప్పొడి సంచులకు కొసకు సన్న బొక్కలే ఉంటయ్, తుమ్మెద పట్టుకొని జుయ్యిమని వణికిస్తెనే పొడి రాలుతది, తంగేడు కూడ గంతే. అందుకే మీకు ఒకటి కాస్తుంది ఒకటి కాస్తలేదు. మిద్దె మీద రాత్రి లైటు ఉంటదా?

ప్రశ్న అడిగిన అక్క:
ఉంటది తమ్మీ! దొంగల భయానికి ఎల్ఈడీ ఫ్లడ్ లైటు పెట్టినం, తెల్లార్లు పందిరి మీదనే పడుతది.

జవాబు 2:
నాకు గదే అనుమానం. స్విట్జర్లాండుల ఆల్ప్స్ కొండల అంచుకు, చీకటిగ ఉండే పచ్చికల్ల వీధిలైట్లు పెట్టి చూసిండ్రు, 2017ల నేచర్ పత్రికల వచ్చింది. లైటు కింద పూల మీదికి రాత్రి పురుగుల రాకడ 62 శాతం తగ్గింది, అక్కడి ఒక ముళ్లమొక్కకు కాయలు 13 శాతం తగ్గినయ్, పగటి ఈగలు వచ్చినా ఆ లోటు పూడ్చలేకపోయినయ్. గది కొండ పచ్చిక, మనది మిద్దె, లెక్క అట్లనే సరిపోతదని నేననను. మీరైతే లైటు బందు చేసి చూడుండ్రి, లేకుంటే మెట్ల దిక్కు తిప్పుండ్రి. అప్పటిదాక సాయంత్రం 7 గంటలకు సన్న కాడున్న మగపువ్వు తెంపి, రెక్కలు తీసి, పిందె ఉన్న పువ్వు నడిమిట్ల మెల్లగ రుద్దుండ్రి.

జవాబు 3:
బీర కూడ సాయంత్రం పువ్వే అక్కా, నేతిబీర అయితే పొద్దున విచ్చుకుంటది. సిటీల నాకు నేతిబీరనే తేలికైంది.

ప్రశ్న అడిగిన అక్క (4 రోజుల తర్వాత):
లైటు మెట్ల దిక్కు తిప్పినం. మూడు పూలకు రుద్దిన, రెండు పిందెలు ఇంక పచ్చగనే ఉన్నయ్. నిన్న చీకటి పడ్డంక కూసుంటే పిట్టంత లావు పురుగొకటి గాలిల నిలబడి పువ్వుల మూతి పెట్టింది, ఫోన్ తీసే లోపట్నే పోయింది!